ఓడ ప్రయాణానికి మా ఇంటి లెక్క

విశాఖపట్నంలో ఓడ ఎక్కి, పుదుచ్చేరి చూసుకొని, చెన్నైలో దిగి, అదే రోజు సాయంత్రానికి నెల్లూరు చేరుకునేలా మా కుటుంబం ఆషాఢ మాసంలో ఒక క్రూయిజ్ ప్రయాణం చేసి వచ్చింది. నేను ఒక సహకార పరపతి సంఘంలో లెక్కలు రాసే ఉద్యోగినిని. మావారికి ఊళ్లోనే చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. ఇలాంటి ఇంటివాళ్లు క్రూయిజ్‌కు వెళ్తున్నారని తెలియగానే బంధువుల్లో ఒకరిద్దరు లాటరీ ఏమైనా తగిలిందా అని అడిగారు. తిరిగి వచ్చిన తర్వాత మాత్రం వాళ్లే ఫోన్ చేసి, మొత్తం ఎంతయింది, మేము వెళ్లాలంటే ఎలా అని వివరాలు రాబట్టడం మొదలుపెట్టారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేక, ఖర్చు ఎక్కడ పెరుగుతుందో, ఎక్కడ మన చేతిలో ఉంటుందో ఇక్కడ రాస్తున్నాను. నా అనుభవంలో తేలిన విషయం ఒక్కటే: ఈ ప్రయాణానికి టికెట్ కొనడంతో ఖర్చు ముగియదు, కాబట్టి ఓడ మీద దేనికి డబ్బు ఇవ్వబోమో ఇంట్లో కూర్చున్నప్పుడే తేల్చుకున్నవాళ్లకు ఇది మధ్యతరగతికి అందే ప్రయాణమే.

సముద్రానికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటున్నా, వేటకు వెళ్లే పట్టపువాళ్లను మినహాయిస్తే మా ఎరికలో నీళ్ల మీద దూర ప్రయాణం చేసినవాళ్లు లేరు. మా అత్తమ్మది కావలి దగ్గర తుమ్మలపెంట వైపు పల్లె. ఆమె చిన్నతనంలో బకింగ్‌హాం కాలువ మీద ఉప్పు పడవలూ కట్టెల పడవలూ మద్రాసు దాకా పోతుండేవట. పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా తీరం వెంబడి 400 కిలోమీటర్లకు పైగా సాగే ఆ కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. ఓడ ప్రయాణం సంగతి చెప్పినప్పుడు ఆమె, ‘ఏందమ్మాయ్, డబ్బులిచ్చి మరీ నడిసముద్రంలోకి పొయ్యేది? ఒడ్డునుండి చూస్తే కనపడదా సముద్రం?’ అన్నారు. ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు గానీ, మా అమ్మాయి బీటెక్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరడానికి కొద్ది వారాల వ్యవధి ఉండటంతో, నలుగురం కలిసి వెళ్లడానికి మళ్లీ వీలు చిక్కదన్న తొందర మాత్రం ఉంది.

మేము ఎక్కింది కార్డీలియా సంస్థ నడిపే ఎంప్రెస్ అనే ఓడ. ఇది కొత్త ఓడ కాదన్న సంగతి ముందే తెలుసుకొని వెళ్లడం మంచిది. ఫ్రాన్సులోని సాఁ నజేర్ నౌకా నిర్మాణ కేంద్రంలో తయారై 1990లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో నీళ్లలోకి దిగి, చాలాకాలం రాయల్ కరీబియన్ సంస్థ చేతిలో అమెరికా తీరాల్లో తిరిగి, 2021 సెప్టెంబరు నుంచి మన దేశపు రేవుల మధ్య తిరుగుతున్నది. పొడవు 211 మీటర్లు, అంతస్తులు 11, ప్రయాణికుల గదులు దాదాపు 800. సింగపూర్ ఓడల వీడియోలు చూసి, అలాంటి నీటి జారుడుబండలూ గాజు లిఫ్టులూ ఇందులో ఉంటాయనుకుంటే నిరాశ తప్పదు. తివాచీలు, మెట్ల కమ్మీలు, గదుల కొలతలు అన్నీ ముప్పై ఏళ్ల కిందటి పద్ధతిలోనే ఉన్నాయి. మాకు అది లోపంగా అనిపించలేదు; పాతబడినా బాగా తుడిచి పెట్టుకున్న ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లినట్టు ఉంది.

ఈ ఓడ ఏడాది పొడవునా మన తీరంలో ఉండదు. ఎక్కువ కాలం ముంబయి నుంచి గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు తిరుగుతూ, వేసవి దాటాక కొన్నాళ్లు మాత్రం బంగాళాఖాతం వైపు వస్తుంటుంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి విశాఖ యాత్రలు మొదలయ్యాయి; ఆ ఏడాది ఓడలో జూదశాల ఉందన్న అభ్యంతరంతో పుదుచ్చేరిలో అనుమతి దొరకలేదు. ఆ మరుసటి ఏడాది చెన్నై నుంచి శ్రీలంక రేవులకు కూడా నడిపారు. ఏ నెలలో ఏ మార్గమన్నది ఏటేటా మారుతుంది కనుక, తేదీలు చూసుకోకుండా సెలవు పెట్టుకోవడం కుదరదు. మా ఆలోచన తిరగేసి మొదలైంది: ముందు ఓడ మన దగ్గరికి ఎప్పుడొస్తుందో చూసి, ఆ తర్వాత సెలవు అడిగాను. ఆషాఢం కావడం వల్ల పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ లేవు, బడులు తెరిచేశారు, కాబట్టి టికెట్ ధర కూడా కొంత దిగింది. శని, ఆదివారాలు కలిసిన ప్రయాణానికీ వారం మధ్యలోని ప్రయాణానికీ ధరలో బాగా తేడా ఉంటుంది. పండగలు, ఆగస్టు 15 లాంటి సెలవులు అతుక్కున్న వారాలకైతే చెప్పనక్కరలేదు.

ఇక ధర విషయం. నెల్లూరులో మేము మొదట కలిసిన ఒక ఏజెంటు, తెల్లకాగితం మీద మనిషికి ఇంత అని ఒకే అంకె రాసి ఇచ్చాడు. వృత్తిరీత్యా అలాంటి ఒంటి అంకెను నేను నమ్మలేను. కంపెనీ వెబ్‌సైటులో అదే తేదీకి చివరి పేజీ దాకా వెళ్లి చూస్తే, గది ఛార్జీ కింద పోర్టు ఛార్జీలు, గ్రాట్యుటీ (ఓడ సిబ్బందికి ఇచ్చే టిప్పు), జీఎస్టీ అని మరో మూడు వరుసలు వచ్చాయి. ఆయనను అడిగితే, అవి ఎలాగూ అందరూ కట్టేవే కదమ్మా అన్నాడు. అందరూ కట్టేవి అయితే అందరికీ ముందే చెప్పాలి కదా. మాటవరసకు ప్రకటనలో మనిషికి 15,000 రూపాయలని ఉంటే, మిగతా వరుసలన్నీ కలిపాక అది 20,000 దాటినా ఆశ్చర్యపోకూడదు. పైగా ఆ ప్రకటన ధర ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్క మీద వేసింది. ఒక్కరే వెళ్తే రెండో మంచం ఖర్చులో చాలా భాగం కూడా వారే భరించాలి. పిల్లలకు ఉచితమని, రెండో మనిషికి సగం ధర అని వచ్చే ప్రకటనలు కూడా గది ఛార్జీ వరకే వర్తిస్తాయి. పోర్టు ఛార్జీలు, గ్రాట్యుటీ తలకింత చొప్పున పడుతూనే ఉంటాయి.

అందుకే నేను అన్ని వరుసలూ కలిపిన మొత్తాన్ని నలుగురితోనూ, రాత్రుల సంఖ్యతోనూ భాగించి, తలకు రోజుకు ఎంత పడుతుందో చూశాను. దాని పక్కన అంతకుముందు ఏడాది మేము ఊటీ వెళ్లినప్పటి ఖర్చుల పుస్తకం పెట్టుకున్నాను. అందులో లాడ్జి అద్దె, మూడు పూటలా హోటల్ భోజనం, కారు, డ్రైవరు బత్తా, బొటానికల్ తోట టికెట్లు, దారిలో కొన్న వర్కీలు అన్నీ ఉన్నాయి. ఓడలో బస, భోజనం, తిరగడం, వినోదం ఒకే మొత్తంలో కలిసి ఉంటాయి కనుక, పోలిక సరిగ్గా చేస్తే ఓడ ఖర్చు ఊటీ కంటే ఎక్కువే అయింది గానీ, వినగానే భయపడేంత తేడా లేదు. ఆ కాగితం చూశాకే మావారు సరే అన్నారు.

గది ఎంపిక దగ్గర మా ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. కిటికీ లేని లోపలి గది, గుండ్రటి కిటికీ ఉన్న గది, బాల్కనీ గది, సూట్ అని వరుసగా ధర పెరుగుతూ పోతుంది. బాల్కనీ లేకపోతే ఊపిరాడదని ఆ ఏజెంటు చెప్పిన మాట మావారి మనసులో బాగా నాటుకుంది. ఊపిరాడకపోవడమేమీ లేదు, గాలి యంత్రాలతో వస్తూనే ఉంటుంది. నా వాదన ఏమిటంటే, పై అంతస్తులోని ఆరుబయలు డెక్కు అందరిదీ. లోపలి గది వాళ్లు చూసే సముద్రమూ, సూట్ వాళ్లు చూసే సముద్రమూ అక్కడ ఒకటే. గదికి పోయేది నిద్రకూ స్నానానికీ మాత్రమే. మూడో మనిషికీ నాలుగో మనిషికీ ధర తక్కువ పడుతుంది కనుక నలుగురం ఒకే లోపలి గది తీసుకున్నాం. దాని వైశాల్యం సుమారు 120 చదరపు అడుగులు, అంటే మా వంటింటి కంటే కొంచెం పెద్దది. కింద రెండు మంచాలు, గోడలో నుంచి మడత విప్పితే దిగే పై మంచాలు రెండు. కింది మంచాలు అత్తమ్మకూ నాకూ వచ్చాయి. మావారు సన్నటి ఇనుప నిచ్చెన ఎక్కి పైకి చేరడం, చేరాక తల పైకప్పుకు తగలకుండా పక్కకు తిరగడం చూసి మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. దీపం తీసేస్తే గదిలో పగలో రాత్రో తెలియదు. గడియారం చూసుకుంటే తప్ప తెల్లవారిన సంగతి అర్థం కాదు. ఇరుకు గదిలో ఇబ్బందిపడే స్వభావం ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పై మంచం ఎక్కించవలసి వచ్చేవాళ్లు మాత్రం ఇక్కడ పొదుపు చేయకుండా రెండు గదులు తీసుకోవడమే న్యాయం.

విశాఖలో ఎక్కడాన్ని ఎంచుకోవడానికి కూడా లెక్కే కారణం. రాత్రి నెల్లూరులో తిరుమల ఎక్స్‌ప్రెస్ స్లీపర్ ఎక్కితే పొద్దెక్కేసరికి విశాఖ చేరుకుంటాం, ఒక రాత్రి లాడ్జి ఖర్చు ఉండదు. చెన్నైలో దిగితే ఇల్లు మూడు గంటల దూరమే. ఒంగోలు వాళ్లకైనా ఇదే దారి. అయితే ఓడ బయలుదేరే రోజు ఉదయం రైలు దిగే ధైర్యం నేను చేయలేదు. గాజువాకలో మా చిన్న ఆడపడుచు ఇల్లు ఉంది కనుక ముందు రోజే చేరాం. ఇల్లో బంధువులో లేనివాళ్లు స్టేషను దగ్గర మామూలు లాడ్జిలో ఒక రాత్రి ఉండటం, రైలు ఆలస్యమై మొత్తం టికెట్ పోగొట్టుకోవడం కంటే చవక. బయలుదేరే తేదీ దగ్గరపడే కొద్దీ రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే సొమ్ము తగ్గిపోతుంది. ఎక్కలేకపోయినవాళ్లకు ఏమీ రాదు.

విశాఖ పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టి 2023 సెప్టెంబరులో ప్రారంభించిన క్రూయిజ్ టెర్మినల్ ఉంది. దేశం లోపలి ప్రయాణమే కాబట్టి పాస్‌పోర్టు అవసరం లేదు, ఆధార్ సరిపోయింది. ఇంటి దగ్గరే ఆన్‌లైన్‌లో చెక్ ఇన్ చేసి కాగితాలు తీసుకువెళ్లాం. సామాన్లను విమానాశ్రయంలో మాదిరిగానే యంత్రంలో తనిఖీ చేస్తారు. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచుకునే కెటిల్, కొవ్వొత్తుల లాంటివి నిప్పు భయం వల్ల ఓడల్లోకి రానివ్వరు. తిండి పదార్థాల మీద కూడా ఆంక్షలు ఉంటాయని అత్తమ్మకు ముందే చెప్పి, ఆమె సిద్ధం చేసిన అరిసెల డబ్బాను గాజువాకలోనే వదిలించాం.

ఓడ ఎక్కగానే ప్రతి ఒక్కరి చేతికీ ఒక ప్లాస్టిక్ కార్డు ఇచ్చారు. అదే గది తాళం, అదే గుర్తింపు పత్రం, అదే ఓడ మీది డబ్బు. ఈ కార్డు దగ్గరే జాగ్రత్త పడాలి. జేబులోంచి నోటు తీయాల్సిన పని లేకపోవడంతో, కాఫీకీ ఐస్‌క్రీముకీ కార్డు చూపించడం ఖర్చుగా అనిపించదు. ఆ పద్దులన్నీ మూటగట్టి చివరి రాత్రి మన ముందుకు వస్తాయి. క్రూయిజ్ కంపెనీల వ్యాపారంలో టికెట్ ఒక భాగమైతే, ఎక్కినవాళ్ల చేత ఓడ మీద చేయించే ఖర్చు ఇంకొక పెద్ద భాగం. మద్యం, జూదశాల, స్పా, ప్రత్యేక భోజనశాల, వైఫై, ఫొటోలు, రేవులో దిగాక తిప్పే బస్సు అన్నీ టికెట్‌కు బయటివే. మా ఇంట్లో మద్యం లేదు కాబట్టి అన్నిటికంటే పెద్ద పద్దు మాకు మొదట్లోనే కొట్టివేత అయిపోయింది. జూదశాలను తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే సుమారు 22 కిలోమీటర్లు దాటాక తెరుస్తారు. మన ప్రాదేశిక జలాల హద్దు అంతవరకే. మావారు ఒకసారి లోపలికి తొంగి చూసి వచ్చారు. ఆయన వెనకే అమ్మాయి కూడా వెళ్లి తొంగి చూసింది, ఆయన ఒక్కరే అయితే ఎంతసేపు చూస్తారో అన్న అనుమానంతో.

మేము పెట్టుకున్న నియమం చాలా సాదాగా ఉండేది. తలకు ఇంత అని ఒక మొత్తం అనుకొని, ఒక్క అమ్మాయి కార్డునే ఖర్చుకు వాడాలని, మిగతా మూడూ తలుపు తీయడానికే పనికిరావాలని నిశ్చయించాం. తాగే నీళ్లు భోజనశాలలో ఉచితం, సీసా నీళ్లకు డబ్బు. కాబట్టి ఖాళీ స్టీలు సీసాలు వెంట తీసుకువెళ్లాం. బఫేలో దొరికే టీ, కాఫీ టికెట్‌లో కలిసినవే, బార్ దగ్గర యంత్రంతో నురగ తేల్చి ఇచ్చే కాఫీకి వేరే ధర. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఫొటోగ్రాఫర్లు ఆపి ఫొటోలు తీస్తారు. తీయించుకోవడం ఉచితం, తీసుకోవడం కాదు. ఇక ఫోను: తీరం దాటగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టేయాలి. పెద్ద ఓడల్లో ఉపగ్రహం ద్వారా పనిచేసే సముద్రపు నెట్‌వర్కు ఉండవచ్చు, దానికి మన ఫోను తగులుకుంటే రోమింగ్ ఛార్జీ మన నెల రీఛార్జిని వెక్కిరించే స్థాయిలో పడుతుంది.

ఓడ కదిలే ముందు అందరినీ పిలిచి, ప్రాణరక్షణ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఏ గది వాళ్లు ఏ చోట గుమికూడాలో చెప్పారు. ఏడు పొట్టి కూతలు, ఆపై ఒక పొడుగు కూత వినపడితే ప్రమాద సూచన అని అర్థం. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ మునిగినప్పుడు, అప్పుడే ఎక్కిన చాలామందికి ఈ కసరత్తు ఇంకా జరగలేదు. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధన మార్చి, 2015 నుంచి ఓడ బయలుదేరే ముందే, లేదా బయలుదేరిన వెంటనే ఇది జరిపి తీరాలని పెట్టారు. చుట్టూ కొందరు సెల్ఫీలు తీసుకుంటూ ఉంటే, అత్తమ్మ మాత్రం ఆ జాకెట్ ముడిని రెండుసార్లు వేయించుకొని నేర్చుకున్నారు. ‘ఇంత ఇనుము నీళ్ల మీద ఎట్టా తేలుతుందబ్బయా?’ అని మావారిని అడిగారు. ఆయన స్విచ్‌బోర్డుల వ్యాపారి గనుక ఆ ప్రశ్నను మా అమ్మాయికి బదిలీ చేశారు.

విశాఖ రేవు నుంచి బయటపడే ఆ అరగంట పై డెక్కు మీద నిలబడి చూడవలసినది. కుడి చేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని మీది దీపస్తంభం నెమ్మదిగా వెనక్కి జరిగాయి. రేవు దారి తెలిసిన పైలట్ ఒకాయన అప్పటిదాకా ఓడను నడిపించి, బయటి సముద్రం రాగానే ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన మీదుగా దిగి, ఒరుసుకుంటూ వస్తున్న చిన్న పడవలోకి అడుగు వేశాడు. పడవ అలల మీద మనిషెత్తున లేస్తూ పడుతూ ఉంది. ఆయన చివరి మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, పడవ పైకి లేచిన సమయానికి సరిగ్గా నిచ్చెన వదిలేశాడు. బస్సు కదులుతుండగా దిగే అలవాటున్న మావారు సైతం నోరు తెరుచుకొని చూశారు. ఆ పూటకు అంతకంటే మంచి వినోదం థియేటర్లో కూడా దొరకలేదు, దీనికి ఎవరూ టికెట్ అడగలేదు.

భోజనం గురించి నెల్లూరు వాళ్లు తప్పక అడుగుతారు. ఉదయం ఇడ్లీ, దోసె, పొంగలి. మధ్యాహ్నం, రాత్రి ఉత్తరాది కూరలు, పప్పు, పెరుగు, మాంసాహారం, మిఠాయిలు. ఉల్లి, వెల్లుల్లి లేని జైన భోజనం విడిగా. కడుపు నింపుకోవడానికి లోటు లేదు. కానీ మూడు పూటలా సముద్రం మీద తేలుతూ కూడా మామిడికాయ ముక్కలు వేసిన చేపల పులుసు దొరకకపోవడం అత్తమ్మకు జీర్ణం కాలేదు. వెన్నతో చేసిన చేప ముక్క ఒకటి రుచి చూసి, ‘చేపను ఇట్టా ఉత్తదాన్ని చేసి పెడతారా’ అని పళ్లెం పక్కకు నెట్టారు. నా మటుకు నాకు ఇబ్బందిగా తోచింది ఇంకొకటి: ఎంత తిన్నా డబ్బు ముందే ఇచ్చేశాం కదా అని పళ్లేల నిండా పెట్టుకొని సగం వదిలేసి లేచిపోయేవాళ్లు చాలామంది కనిపించారు.

రాత్రి ఓడ ఊగడం మొదలైంది. నైరుతి రుతుపవనాల కాలం, గాలి పడమటి నుంచి వీస్తున్నది. ఓడ కదలిక ముందు భాగంలోనూ పై అంతస్తుల్లోనూ ఎక్కువగా, మధ్యలో, కింది అంతస్తుల్లో తక్కువగా తెలుస్తుంది. అందుకే గది ఎంచుకునే అవకాశం ఇచ్చినప్పుడు మధ్య భాగంలోనిదే అడిగాం. ఇందులో చిత్రమేమిటంటే, చవక గదులే చాలావరకు అలాంటి చోట్ల ఉంటాయి. మా డాక్టరుగారిని అడిగి రాయించుకున్న అవొమిన్ మాత్రలు వెంట ఉన్నాయి. వాటిని వికారం మొదలయ్యాక కాకుండా ముందే వేసుకోవాలని ఆయన చెప్పారు. అత్తమ్మ మాత్ర వద్దని అల్లం మురబ్బా చప్పరిస్తూ హాయిగా నిద్రపోయారు. ఇబ్బంది పడింది మా అమ్మాయే, అదీ మంచం మీద పడుకొని ఫోను చూస్తుండటం వల్ల. పై డెక్కు మీదికి తీసుకువెళ్లి దూరాన దిగంతం వైపు చూడమన్నాక సర్దుకుంది. ఓడలో డాక్టరు ఉంటారు గానీ ఆ ఫీజు కూడా కార్డు మీదే పడుతుంది, కాబట్టి రోజువారీ మందులు, జ్వరం మాత్రలు, నొప్పి నూనె లాంటివన్నీ సంచీలో ఉండాలి.

రెండో రోజంతా సముద్రమే. ఎటు చూసినా ఒడ్డు లేదు, వేట పడవలు కూడా లేవు. ఫోనుకు సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ ఉపగ్రహాల నుంచి నేరుగా పనిచేస్తుంది కనుక, మా అమ్మాయి ఇంట్లోనే దిగుమతి చేసి పెట్టుకున్న మ్యాప్ తెరిచి మేము ఎక్కడున్నామో చూపిస్తూ వచ్చింది. ఒంగోలు, కొత్తపట్నం దాటి, రామాయపట్నం దాటి నీలి చుక్క కిందికి జరుగుతుంటే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకొని కూర్చున్నారు. తుమ్మలపెంటకు ఎదురుగా వచ్చామని చెప్పగానే లేచి పడమటి వైపు కమ్మీ దగ్గరకు వెళ్లారు. నీళ్లు తప్ప ఏమీ కనపడలేదు. ‘మీ పిన్నమ్మకు ఫోన్ కలుపమ్మే, మనం ఎదురుగానే ఉన్నామని చెప్తా’ అన్నారు మనవరాలితో. కలవదని తెలిసి ఆమెకు నిజంగానే కోపం వచ్చింది. ఇంత డబ్బు తీసుకొని ఫోను కూడా కలపరా అని ఆ రోజంతా ఓడ వాళ్ల మీద సణుగుతూనే ఉన్నారు. వైఫై కొంటే కలుస్తుందని నేను చెప్పలేదు.

పుదుచ్చేరిలో ఇంత పెద్ద ఓడ ఆనే రేవు లేదు. లంగరు సముద్రంలోనే వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. సముద్రం బాగా లేకపోతే దించకుండానే ముందుకు సాగిపోవచ్చు కూడా. ప్రయాణ ఒప్పందంలో రేవు మార్చే, వదిలేసే అధికారం కెప్టెన్‌కు ఉంటుంది. మాకు దిగే అదృష్టం కలిగింది. ఓడవాళ్ల బస్సు ప్యాకేజీ తీసుకోకుండా, ఆటో మాట్లాడుకొని బీచి రోడ్డుకు వెళ్లి, అక్కడి నుంచి అన్నీ నడిచే చూశాం. గాంధీ విగ్రహం, ఫ్రెంచి వాళ్ల యుద్ధ స్మారకం, అరవిందాశ్రమం, మనకుళ వినాయకుడి గుడి అన్నీ ఒకదానికొకటి కూతవేటు దూరంలోనే ఉన్నాయి, దేనికీ ప్రవేశ రుసుము లేదు. గుడి ముందు భక్తులను తొండంతో దీవించే లక్ష్మి అనే ఏనుగు 2022 నవంబరులో చనిపోయింది, అది తెలియని అత్తమ్మ ఏనుగేదని అడిగారు. చివరి పడవ ఎన్ని గంటలకో ఓడ దిగేటప్పుడే బోర్డు మీద రాసి పెడతారు. ఓడవాళ్ల బస్సులో వెళ్లినవాళ్ల కోసమైతే కొంతసేపు ఆగుతారేమో గానీ, సొంతంగా తిరిగేవాళ్లు ఆ వేళకు గంట ముందే తిరిగి రావడం క్షేమం. మేము అలాగే వచ్చి, మిగిలిన సమయం పడవల రేవులో ఎండుచేపల బేరం చూస్తూ గడిపాం. కొన్నవి ఓడ ఎక్కనివ్వరని ఆపకపోతే అత్తమ్మ రెండు కిలోలు కొనేవారే.

చివరి రాత్రి లెక్క చూసుకోవడానికి నేనే రిసెప్షన్‌కు వెళ్లాను. దిగే రోజు ఉదయం అక్కడ పెద్ద వరుస ఉంటుంది, హడావిడిలో ఎవరూ బిల్లు సరిగ్గా చదవరు. రాత్రే ముద్రించిన కాగితం తీసుకొని వరుస వరుసా చూస్తే, మేము తాగని జ్యూసు ఒకటి మా గది కింద నమోదై ఉంది. చెప్పగానే మారుమాట లేకుండా తీసేశారు. మిగిలినవి అమ్మాయి తాగిన రెండు రకాల కాఫీలు, ఒక ఫొటో. ఫొటో మావారు చెప్పకుండా కొన్నారు. నలుగురం కళ్లు తెరిచి ఉన్న ఫొటో మా ఇంట్లో అదొక్కటే కావడంతో నేనూ ఏమీ అనలేదు.

సింగపూర్ నుంచి వెళ్లే పెద్ద ఓడల గురించి మా పక్కింటి వాళ్లు అడుగుతున్నారు. అక్కడ పోటీ ఎక్కువ కనుక గది ఛార్జీ ఒక్కోసారి మన ఓడతో సమానంగానే కనిపిస్తుంది. అయితే దానికి చెన్నై నుంచి విమానం, ఆరు నెలలకు తక్కువ కాని గడువున్న పాస్‌పోర్టు, ఓడ దేశం దాటి మళ్లీ వస్తుంది కాబట్టి ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశం ఉన్న వీసా, ఎక్కే ముందూ దిగాకా హోటల్ కలుపుకోవాలి. అవి కలిపాక అది వేరే తరగతి ఖర్చు. రెండో వైపు, చెన్నై నుంచి అండమాన్ వెళ్లే ప్రభుత్వ ప్రయాణికుల ఓడల్లో బంక్ తరగతి చాలా చవక గానీ, దాదాపు మూడు రోజులు పట్టే ఆ ప్రయాణం ఊరు చేరడానికే తప్ప విలాసానికి కాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో ఏ ప్రయాణమైనా నేను వద్దనే చెబుతాను. 1984 నవంబరు తుఫానును చూసిన నెల్లూరు వాళ్లకు ఆ నెలల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చెన్నైలో దిగడానికి ముందు రాత్రే పెద్ద పెట్టెలకు చీటీలు కట్టి గది బయట పెట్టమన్నారు. అవి మనకంటే ముందే ఒడ్డుకు చేరతాయి. వాటి కోసం టెర్మినల్‌లో చాలాసేపు నిలబడవలసి వస్తుంది కనుక, వెంటనే రైలు అందుకోవాలనుకునేవాళ్లు తమ సంచులు తామే మోసుకొని దిగడం మేలు. పోర్టుకు బీచ్ స్టేషను దగ్గర. అక్కడికి ఆటోకు అడిగిన ధర విని మావారు బేరమాడుతుంటే, అత్తమ్మ అప్పటికే సంచీ మీద కూర్చొని సిగ్నల్ వచ్చిన ఫోనులో చెల్లెలితో మాట్లాడుతున్నారు. రిజర్వేషన్ లేనివాళ్లు సూళ్లూరుపేట దాకా లోకల్ రైల్లో వచ్చి, అక్కడ నెల్లూరు మెమూ అందుకుంటే తలకు వంద రూపాయల లోపే ఇంటికి చేరవచ్చు. మేమూ అలాగే వచ్చాం.